ముడి లేని తాడు

కుంభిగిరి కోటలో మాచన పనికి కుదిరి తొమ్మిది రోజులయింది. మొదటి ఎనిమిది రోజులూ అతను కోట బయట మాంసం కొట్టంలో మేకలు నరికాడు. మొసలి గుండాల దగ్గరికి అతన్ని రానిచ్చింది తొమ్మిదో రోజు పొద్దున. ఆ రోజే మధ్యాహ్నం అతని అన్నను మొసలికి వేస్తారు.

అక్కడ అతని పేరు మాచన కాదు. గుండు గీయించుకుని, ముఖానికి మసి పూసుకుని, బుడ్డన అని చెప్పి చేరాడు. నిజానికి అతనిది అలుగుకోట. అలుగుకోట కందకంలో పదహారు మొసళ్ళుండేవి. వాటిని అతని తాత సాకాడు, తండ్రి సాకాడు, అతనూ సాకాడు. అన్న కొమ్మన మాత్రం ఈటె పట్టి దళనాయకుడయ్యాడు.

నెల కిందట విడాలాక్షుడు అలుగుకోట మీద పడ్డాడు. వాడు మాంత్రికుడు, పిల్లికళ్ళవాడు. పన్నెండేళ్ళ కిందట కుంభిగిరి రాజును చంపి గద్దె ఎక్కాడు. యుద్ధంలో కొమ్మన వాడి రొమ్ములో ఈటె దింపాడు. ఈటె మొన వీపులోంచి మూరెడు బయటికి వచ్చింది. నెత్తురు చుక్క రాలేదు. విడాలాక్షుడు నవ్వి, ఈటెను తానే లాగి పారేశాడు. అది చూసి అలుగుకోట సైన్యం పారిపోయింది. కొమ్మన పారిపోలేదు. దొరికిపోయాడు.

గుండాలు ఏడు. కోట నడిబొడ్డున రాతిని తొలిచి కట్టినవి. ఒక్కొక్కటి నలభై మూరల పొడవు, ఇరవై మూరల వెడల్పు. దక్షిణాన దిగే మెట్లు, ఉత్తరాన ఎక్కే మెట్లు, మధ్యలో నడుము లోతు నీళ్ళు, ఒక పక్క ఎండ కాచుకోవడానికి ఇసుక దిబ్బ. గుండానికొక్క మొసలి. గోడల మీద ఇత్తడి మొసలి తలలు బిగించి ఉన్నాయి. వాటి నోళ్ళలోంచి పగలూ రాత్రీ నీళ్ళు పడుతుంటాయి. దక్షిణపు తలుపుల పక్కన ఇనప కొక్కేనికి ఒక్కో తాడు వేలాడుతుంది.

మాచన మొదట చూసింది ఆ తాళ్ళనే. అలుగుకోటలోనూ అలాంటి తాళ్ళుండేవి. మొసలికి ఏడు రోజులకొకసారి మేత. మేపిన రోజు తాడు ఖాళీగా ఉంచి, మర్నాటి నుంచి రోజుకొక ముడి వేస్తారు. ఏడు ముళ్ళు పడితే మళ్ళీ మేత. ముళ్ళు లెక్కపెడితే మొసలి ఆకలి తెలుస్తుంది. చదువు రాని చేతులు రాసుకునే రాత అది.

మొదటి గుండం తాడుకు నాలుగు ముళ్ళు. రెండోదానికి ఆరు. మూడోదానికి రెండు. నాలుగో గుండం తాడుకు ముడే లేదు. అంటే అందులోది ఆ పొద్దునే మేసిందనుకున్నాడు మాచన. ఏడు గుండాల తూములూ కోట కింద సొరంగంలోకి తెరుచుకుంటాయి. ఆ సొరంగం కోట వెనకాల పెద్ద మడుగులోకి పోతుంది. అక్కడ పదకొండు మొసళ్ళు కలిసి ఉంటాయి. పెద్ద మడుగు మేత తాడు కూడా అక్కడే గోడకు కట్టి ఉంది. దానికి ఒకే ముడి.

"ఏమిరా, తాళ్ళు లెక్కపెడుతున్నావా? నీకెందుకవి? వాటిని ముట్టేది నేనొక్కదాన్నే."

అన్నది మైలమ. ఏడు గుండాలకూ పెద్ద కాపరి. వయసు డెబ్బై దాటింది. కుడిచేతికి మూడే వేళ్ళు. తక్కిన రెండూ ఎవరు తిన్నారో అడిగితే, "మనవళ్ళు" అని గుండాల వైపు చూపిస్తుంది.

"చూస్తున్నానంతే అవ్వా" అన్నాడు మాచన.

"చూసేదేదో నీళ్ళలో చూడు. మిగిలిన మాంసం ముక్క ఉంటే తీసెయ్. మురిగితే వాటి కళ్ళకు పొర వస్తుంది. ఇసుక తిరగెయ్యి. రాయి తగిలితే పొట్ట గీరుకుంటుంది. జలగలుంటే నాకు చెప్పు, నువ్వు పీకొద్దు. ఇంకొక మాట. మేసినదాన్ని మూడు రోజులు కదిలించకూడదు. కదిలిస్తే కక్కేస్తుంది."

"తెలుసవ్వా."

"నీకేం తెలుసు, మేకలు నరికేవాడివి! నాలుగో గుండంలో చిన్నమ్మి ఉందే, దాన్నయితే మరీ ముట్టకూడదు. అది కక్కిందంటే నీ తోలు వలుస్తాడు పైన ఉన్నాయన. పన్నెండేళ్ళుగా అదే ఆన."

చిన్నమ్మి పది మూరల మొసలి. ముప్పయ్యేళ్ళ కిందట గుడ్డులోంచి దాని ముక్కు బయటికి వచ్చినప్పుడు పెంకు ఒలిచింది మైలమే. అది ఇసుక మీద నోరు తెరిచి పడుకుని ఉంది. పొట్టకు ఎడమ పక్క ఉబ్బు కనిపించింది.

"దానికా ఉబ్బేమిటవ్వా?"

"గడ్డ. మొసళ్ళు రాళ్ళు మింగుతాయి కదా, తిన్నది అరగడానికి. ఇది రాయి కాదు. చేత్తో తడిమితే వేడిగా ఉంటుంది. విడాలాక్షుడు గద్దె ఎక్కిన నెలలోనే తన చేత్తో దీనికి కోడిని మేపాడు. అప్పటినుంచే వచ్చింది. మందు వేస్తానంటే వద్దన్నాడు. పిల్ల సరిగ్గా ఎండ కూడా కాచుకోదు." మైలమ ఉమ్మేసింది. "ఇక పద, దోషిని కడగాలి."

కుంభిగిరిలో మరణశిక్షకు ఒక పద్ధతుంది. విడాలాక్షుడికంటే పాతది, చూడటానికి జనం వస్తారని వాడూ దాన్ని ఉంచాడు. దోషి ఏడింటిలో తనకు నచ్చిన గుండం అడగవచ్చు. ఆయుధం లేకుండా దక్షిణపు మెట్లు దిగాలి. ఉత్తరపు మెట్లు ఎక్కగలిగితే వదిలేస్తారు. పన్నెండేళ్ళలో ఎక్కినవాళ్ళు ఇద్దరు.

దిగే ముందు దోషిని కాపర్లు కడుగుతారు. అది మైలమ పెట్టిన నియమం. ఒంటికి నూనె, గంధం ఉంటే మొసళ్ళ నోరు పుండు పడుతుంది.

కొమ్మనను గొలుసులతో తెచ్చి రాతి పలక మీద కూర్చోబెట్టారు. వీపు మీద కొరడా దెబ్బలు చీము పట్టాయి. మాచన కడవతో నీళ్ళు పోస్తూ వంగాడు.

"అన్నా, తల ఎత్తకు. నేను."

"గొంతు గుర్తుపట్టాను. జుట్టేదిరా?"

"జుట్టు సంగతి తర్వాత. నాలుగో గుండం అడుగు. అది పొద్దునే మేసింది. మేసిన మొసలి పక్కన నడిచినా కదలదు. పరిగెత్తొద్దు. నీళ్ళు చప్పుడు చెయ్యొద్దు. నెమ్మదిగా నడిచి ఎక్కెయ్."

"నిజమేనా?"

"మొసళ్ళ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

కొమ్మన నవ్వాడు. "నీ మాట మీద మొసలి నోటిముందు షికారు చేస్తానన్నమాట. అమ్మ ఉంటే ఇద్దరినీ తన్నేది."

ఎండ నడినెత్తికి వచ్చింది. గుండాల చుట్టూ జనం నిండారు. నాలుగు దిక్కులా ధనుర్ధారులు, వాళ్ళ ముందు తలారి నాయకుడు ఓబన. మేడ మీద గొడుగు కింద విడాలాక్షుడు కూర్చున్నాడు. పసుపుపచ్చ కళ్ళు, మెడలో ఎముకల పేరు, ఒళ్ళో వెండి బెత్తం. రొమ్ము మీద ఈటె దిగిన చోట పొడి గాయం నోరు తెరుచుకుని ఉంది. వాడు దాన్ని కప్పుకోలేదు. అందరూ చూడాలనే ఉంచాడు.

"ఏ గుండం?" అని అరిచాడు ఓబన.

"నాలుగు" అన్నాడు కొమ్మన.

జనం హో అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. గొలుసులు విప్పారు. కొమ్మన మెట్లు దిగి నీళ్ళలో అడుగుపెట్టాడు. చెప్పినట్టే నెమ్మదిగా నడవసాగాడు.

తలుపు దగ్గర మైలమ గంపలో మేక తొడలు పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన తడి గోనె, నోరు కట్టే తాడు. "పాపం, పిల్ల ఏడు రోజులుగా కాచుకుంది" అన్నది. "ఈ పూటకు దానికి మనిషే మేత. ఈ తొడలు రేపు ఐదోదానికి వేద్దాం."

మాచన చెయ్యి తలుపు మీద ఆగిపోయింది. "ఏడు రోజులేమిటి? తాడుకు ముడే లేదు కదా?"

"లేదనేగా చెప్తున్నా! మేపిన రోజు ఏడు ముళ్ళు వేస్తాం, రోజుకొకటి విప్పుతాం. ముళ్ళయిపోతే ఆకలన్నమాట. మరి మీ ఊళ్ళో ఎట్లా?"

మాచన తలుపు వదిలేశాడు. గోడ అంచుకు పరిగెత్తి అరిచాడు.

"అన్నా! పరుగెత్తు! పరుగెత్తు!"

కొమ్మన వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూడటంలో రెండడుగులు పోయాయి. ఇసుక దిబ్బ మీద చిన్నమ్మి లేదు. నీటి మీద గీత కదిలింది. కొమ్మన ఎడమ చేతిని ముందుకు పెట్టాడు. దవడలు ఆ చేతి మీద మూసుకున్నాయి. ఆ చప్పుడు మేడ మీదికి వినిపించింది.

"దాంతోపాటు తిరుగు! ఎదురు తిరగొద్దు!" మాచన అప్పటికే గంప, గోనె, తాడు లాక్కుని గోడ దూకాడు.

చిన్నమ్మి దొర్లింది. కొమ్మన దానితోపాటు దొర్లాడు. మొదటి దొర్లుకు భుజం నిలిచింది. రెండో దొర్లుకు మోచెయ్యి నిలిచింది. మూడో దొర్లుకు మణికట్టు తెగింది. కొమ్మన నీళ్ళలోంచి లేచేసరికి చేతి చివర ఎముక కనిపిస్తోంది. నీళ్ళు ఎర్రబడ్డాయి. మొసలి తల పైకెత్తి, రెండుసార్లు విదిలించి, ఆ చేతిని మింగింది. ఉంగరంతో సహా.

మొసలికి నీళ్ళలో మింగడం చేతకాదు. తల ఎత్తాల్సిందే. మాచనకు కావలసినంత వ్యవధి అదే. మేక తొడ విసిరాడు. అది అందుకుని మళ్ళీ తల ఎత్తింది. రెండో తొడ విసిరాడు. అది గొంతు దిగుతుండగా తడి గోనె దాని కళ్ళ మీద పరిచి మెడ మీదికి ఎక్కాడు. కళ్ళు మూస్తే మొసలి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో రెండు దవడలూ కలిపి తాడు చుట్టాడు. తోక గోడకు కొట్టింది. రాతి పెచ్చులు ఎగిరాయి.

"అలుగుకోట వాడు! కొట్టండి!" ఓబన చెయ్యి ఎత్తాడు. నలభై విల్లులు వంగాయి.

"ఆగండి!" మేడ మీదినుంచి విడాలాక్షుడు లేచి నిలబడ్డాడు. "బాణం వేసినవాడి చేతులు నరికిస్తా! మొసలికి గీత పడకూడదు!"

విల్లులు దిగాయి. ఓబన పదిమందిని తీసుకుని మెట్లు దిగాడు.

"ఈటెలు వద్దు! ఉత్త చేతులతో పట్టండి!" విడాలాక్షుడి గొంతు చీలింది. "దాన్ని కదిలించొద్దురా! ఇప్పుడే తింది!"

మాచన ఆ మాట విన్నాడు. ప్రాణాలు తీసే మాంత్రికుడు మొసలి అజీర్తికి ఏడుస్తున్నాడు. పొద్దున మైలమ చెప్పిన మాటలు వరసగా గుర్తొచ్చాయి. గడ్డ. వేడి. తన చేత్తో మేపిన కోడి. పన్నెండేళ్ళు. నెత్తురు రాని గాయం.

"అవ్వా!" అని అరిచాడు. "దీన్ని కక్కిస్తే ఆ గడ్డ పోతుందా?"

మైలమ గోడ మీదే ఉంది. అంతసేపూ ఆమె తిడుతున్నది మాచననే. "తాడు బిగించి చంపుతావురా, దవడ చీలుతుంది!" అని. అతని ప్రశ్న విని నోరు మూసింది. మేడ వైపు ఒకసారి చూసింది. చీర ఎగదోపుకుని, చేతికర్రతో మెట్లు దిగి, మొదటి భటుడి మోకాలు మీద కొట్టింది. వాడు నీళ్ళలో పడ్డాడు. చిన్నమ్మి తోక వాడి నడుముకు తగిలింది. వాడు మళ్ళీ లేవలేదు.

"వెల్లకిలా తిప్పు! తల పల్లానికి పెట్టు! తోక మెట్ల మీదికి లాగు!"

మాచన ఒక పక్క, ఒంటిచేత్తో కొమ్మన ఒక పక్క పట్టారు. చిన్నమ్మి తిరగబడింది. వెల్లకిలా పడ్డ మొసలి కాసేపు కదలదు. కాళ్ళు గాలిలో నిలిచిపోయాయి. ఓబన కొమ్మన మెడ పట్టుకున్నాడు. కొమ్మన తెగిన ఎముకతోనే వాడి కన్ను పొడిచాడు. ఓబన అరుస్తూ వెనక్కి పడ్డాడు. ఇద్దరు భటులు మాచన కాళ్ళు లాగారు. ఒకడి ముఖం మీద మడమతో తన్నాడు. పళ్ళు నీళ్ళలో రాలాయి. రెండోవాణ్ణి మైలమ కర్ర చూసుకుంది.

"నోటి తాడు విప్పు!" అన్నది మైలమ.

"విప్పితే?"

"విప్పకుండా ఎక్కడినుంచి కక్కుతుందిరా, చెవుల్లోంచా?"

మాచన విప్పాడు. మైలమ తన కర్ర దవడల మధ్య అడ్డంగా పెట్టి, మూడు వేళ్ళతో చిన్నమ్మి గొంతు నిమిరింది. "కక్కెయ్ తల్లీ. కక్కెయ్. ఒక్కసారే" అన్నది. మాచన రెండు మోకాళ్ళూ పొట్ట మీద పెట్టి ఒత్తాడు.

ముందు మేక తొడలు వచ్చాయి. తర్వాత ఉంగరంతో కొమ్మన చెయ్యి. తర్వాత గులకరాళ్ళు, ఒక ఇత్తడి కడియం, ఎవరిదో మోకాటి చిప్ప. మాచన మళ్ళీ ఒత్తాడు. కోడిగుడ్డంత రాయి ఒకటి మెట్టు మీద పడి దొర్లింది. దాని మీద పడ్డ నీళ్ళు ఆవిరయ్యాయి.

మాచన దాన్ని గోనెతో పట్టుకున్నాడు. గోనెలోంచే తెలిసింది. అది గుండెలా కొట్టుకుంటోంది.

మేడ మీద విడాలాక్షుడు రొమ్ము పట్టుకున్నాడు. నెల రోజులుగా పొడిగా ఉన్న గాయంలోంచి నెత్తురు చిమ్మి గొడుగు కాడ మీద పడింది. మాచన పిడికిలి బిగించాడు. విడాలాక్షుడు మోకాళ్ళ మీద కూలాడు. ఏదో చెప్పబోయాడు; నోట్లోంచి మాటకు బదులు నురుగు వచ్చింది.

ఇక బాణాలు ఆపేవాడు లేడు.

"వెయ్యండి!" ఒంటికన్నుతో ఓబన అరిచాడు. మొదటి విడతలోనే ముగ్గురు భటులు తమవాళ్ళ బాణాలకు పడ్డారు. ఒక బాణం మాచన చెవి కోసుకుంటూ పోయింది. ఒకటి మైలమ వీపులో దిగింది.

ఆమె పడలేదు. గోడ పట్టుకుని తూము దగ్గరికి నడిచింది. తూము తలుపుకు ఇనప మీట ఉంది. దాని మీద తన బరువంతా వేసి వాలింది. రెండో బాణం అదే వీపులో దిగింది. ఆ తాకిడికి మీట పూర్తిగా వంగింది. తూము తెరుచుకుంది. గుండం నీళ్ళన్నీ అటు తిరిగాయి.

"అవ్వా, రా!" మాచన చెయ్యి చాచాడు.

"ఎక్కడికిరా? ఏడుగురు పిల్లల్ని వదిలి?" ఆమె మీటకు ఆనుకుని కూర్చుంది. "చిన్నమ్మికి మూడు రోజులు ఏమీ పెట్టొద్దని చెప్పు. కక్కింది కదా."

ఎవరికి చెప్పాలో ఆమె చెప్పలేదు. తల పక్కకు వాలింది.

చిన్నమ్మికి తెలివి వచ్చింది. ఒక్క విదిలింపుతో బోర్లా తిరిగి, నోట్లో కర్రను రెండు ముక్కలు చేసింది. దాని పక్కన ఉన్నది ఓబన. అతను మెట్ల వైపు తిరిగాడు. మూడు మెట్లు ఎక్కాడు. నాలుగో మెట్టు మీద అతని పాదం ఒక్కటే మిగిలింది. ధనుర్ధారులు అది చూస్తూ బాణాలు మరిచిపోయారు. ఆ సందులో ప్రవాహం అన్నదమ్ములిద్దరినీ తూములోకి లాగేసింది.

సొరంగంలో నిలబడితే నీళ్ళు రొమ్ము వరకు వచ్చాయి. మాచన తాడుతో అన్న మోచేతి పైన బిగించి కట్టాడు. కట్టినా నెత్తురు కారుతూనే ఉంది. రాయిని గోనెలో చుట్టి నడుముకు దోపుకున్నాడు. అది అక్కడ కొట్టుకుంటూనే ఉంది. దాని వేగం తగ్గింది, ఆగలేదు. పైన వాడు ఇంకా బతికే ఉన్నాడు.

"ఇది పగలగొడితే వాడు చస్తాడా?" అన్నాడు కొమ్మన.

"చస్తాడు. ఇనప సుత్తి కావాలి. నీళ్ళలో కుదరదు. ముందు బయటపడాలి."

"సరే. తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పొద్దునే మేసిందన్నావు?"

మాచన అన్న చేతి కట్టు మళ్ళీ బిగించాడు. "ముళ్ళు ఇక్కడ తిరగేసి లెక్కపెడతారన్నా. నేను అడగలేదు. తెలుసనుకున్నాను."

"పోనీలే. ఎడమ చెయ్యే కదా" అన్నాడు కొమ్మన. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "అదిగో వెలుతురు. బయటికి దారి అదేనా?"

"అదే. పెద్ద మడుగు. దాని గట్టు దాటితే అడవి."

ఆ మాట అన్నాక మాచన కాళ్ళు ఆగాయి. ప్రవాహం ఆగనివ్వలేదు. పొద్దున గోడకు చూసిన ఇంకొక తాడు కళ్ళ ముందుకు వచ్చింది. పెద్ద మడుగు తాడు. పదకొండు మొసళ్ళ తాడు. దానికి ఒకే ముడి. పొద్దున తన లెక్కలో అది నిన్నటి మేత. ఈ కోట లెక్కలో ఆరు రోజుల ఆకలి.

వెనక సొరంగంలో దివిటీల వెలుగు, భటుల అరుపులు. ముందు మడుగు.

"అన్నా" అన్నాడు మాచన, అన్న నడుము పట్టుకుంటూ. "ఈసారి నెమ్మదిగా నడవొద్దు."

కొమ్మన చేతినుంచి కారిన నెత్తురు వాళ్ళకంటే ముందే ప్రవాహంతో మడుగు చేరింది. ఎండలో నీటి మీదికి ఒక ముక్కు లేచింది. దాని వెనక రెండోది. ఆ వెనక మిగతావి గట్టు మీదినుంచి ఒకటొకటిగా నీళ్ళలోకి జారాయి.